మగ్గానికి రెండో వైపు

పింగళ నామ సంవత్సరం, జ్యేష్ఠ బహుళ తదియ

ఈ పూటా ఆయన విస్తరి ముందు కూర్చుని లేచిపోయారు. వడ్డించిన పప్పు వడ్డించినట్టే ఉంది. "ఆకలిగా లేదు." అంతే. కండువా భుజాన వేసుకుని బట్టల కొట్టుకి వెళ్లిపోయారు.

మా అబ్బాయి నారాయణ పల్టనులో చేరి వెళ్లి పక్షం దాటింది. బెంగుళూరులో దింపారని మాత్రం తెలుసు. అక్కడ కవాతు నేర్పుతారట. తుపాకీ పట్టడం నేర్పుతారట. నేర్పాక ఈ తెల్లదొరల యుద్ధంలో ఎక్కడికి పంపుతారో ఎవరూ చెప్పరు.

బజారులోకి డప్పులతో వచ్చారు ఆ దండు మనుషులు. బరంపురం సగం చూడ్డానికి పోయింది. వీడూ పోయాడు. అందరూ చూసి ఇంటికొచ్చారు, వీడు పేరిచ్చి వచ్చాడు.

ఒక్కగానొక్కడు. పట్టుబట్ట వేళ్ల మధ్య నలిపి మేలురకమో కాదో చెప్పగలడు. బూట్లు ఎరగని కాళ్లు...

జ్యేష్ఠ బహుళ సప్తమి

కొట్లో గొడవైందట. గుమాస్తా వచ్చి చెప్పాడు.

వెనక వీధి భీమయ్య చీర నేసి తెచ్చాడు. ఎన్నేళ్లుగానో మా కొట్టుకే నేస్తాడు. ఆయన ముట్టుకోలేదు. "నీ కొడుకు మావాణ్ణి లాక్కుపోయాడు. నీ చీర నాకక్కర్లేదు."

భీమయ్య కొడుకు అప్పన్నది మావాడి ఈడే. ఇద్దరూ ఒకే రోజు పేర్లిచ్చారు, ఒకే రైలెక్కారు.

భీమయ్య అన్నాడట — "ఎవుడు ఎవుణ్ణి లాక్కెల్లినాడో మనకేటి తెలుసు సావుకారూ. మా ఇంట్లోనూ ఒక మంచం కాళీగానే ఉంది." చీర మళ్లీ గుడ్డలో చుట్టుకుని వెళ్లిపోయాడట.

ఆయన్ని అడిగాను. లెక్కల పుస్తకం తెరిచారు. నాకూ కోపంగానే ఉంది — ఎవరి మీదో తేల్చుకోలేను.

జ్యేష్ఠ బహుళ ద్వాదశి

వాన. అక్కడా కురుస్తోందా. వానలో కూడా కవాతు చేయిస్తారా.

ఆషాఢ శుద్ధ పంచమి

"చిఠీ ఆసిలా!" — ఉత్తరం వచ్చిందని పోస్టువాడి ఒడియా కేక విని వడ్లగింజల చేట అక్కడే వదిలేసి పరుగెత్తాను.

కార్డు. వాడి చేతి రాతే. బాగున్నానని. బూట్లు కరిచి మడమలు పుండ్లయ్యాయని, ఇప్పుడు తగ్గుతున్నాయని. తెల్లారకముందే లేపుతారని. పెసరట్టు కలలోకి వచ్చిందని. చివర, ఇరుకు మూలలో — "అప్పన్న బాగున్నాడు. వాడికి రాయడం రాదు కదా. సిమ్మాద్రి పిన్నికి చెప్పు."

ఆయన చదివారు, మళ్లీ చదివారు. "చెప్పక్కర్లేదు" అన్నారు. మరి కార్డు జేబులో పెట్టుకోకుండా పీట మీద నా ముందు వదిలి ఎందుకు వెళ్లినట్టు?

వెళ్లాను. సిమ్మాద్రి — భీమయ్య భార్య — గుమ్మంలోనే నిలబడిపోయింది. నేను వాళ్లింటికి రావడం ఆవిడ ఎరగదు. కొడుకు పేరు వినగానే గడప మీద కూర్చుని "ఇంకోపాలి సదవండమ్మా" అంది. చదివాను. "ఇంకోపాలి."

మడమల సంగతి విని ఆవిడే ఏడ్చింది. మావాడి మడమలకి.

ఆషాఢ శుద్ధ దశమి

మళ్లీ వెళ్లాను. కార్డు ఏమీ రాలేదు. ఊరికే.

మగ్గం ఆగిపోయి ఉంది. నిలువు దారాల పడుగు బిగించి ఉంది గానీ నేత లేదు. ఈ అంచు చీర ఒక మనిషి నేసేది కాదు — ఇటు నుంచి ఒకరు అడ్డదారం నాడె విసిరితే అటు నుంచి ఇంకొకరు అంచు నాడె అందించాలి. అటువైపు కూర్చునేది అప్పన్న. సిమ్మాద్రి కూర్చుంటే దారాలు ఆనడం లేదు, ఆవిడకి చూపు మసక. నాడెల్లోకి దారం కండెలు చుట్టడం వరకే.

భీమయ్య ఒక్కడూ మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. ఊరికే కూర్చున్నాడు.

"నేను కూర్చుంటే?" అన్నాను. నోటి నుంచి వచ్చేసింది.

భీమయ్య కంగారుపడ్డాడు. "అమ్మా, మీరేటి, మగ్గం దగ్గిరేటి... సావుకారు నన్ను నరికీగలరు."

సిమ్మాద్రి మాత్రం పీట తుడిచింది.

ఆషాఢ బహుళ విదియ

చెయ్యి నొప్పి. దారం రెండుసార్లు తెంపాను. భీమయ్య ముడివేశాడు. కానీ ఆ కాసేపూ బెంగుళూరు గుర్తు రాలేదు. వచ్చింది — తక్కువ వచ్చింది.

ఆషాఢ బహుళ షష్ఠి

తెలిసిపోయింది. తెలియకుండా ఎలా ఉంటుంది, వీధంతా చూస్తుంటే.

"శావుకారు భార్య సాలెవాళ్ల మగ్గంలో కూర్చుందని బజారు బజారంతా..."

"అనుకోనీండి."

"నా పరువు?"

"మీ పరువు సంగతి నాకు తెలీదు. ఇంట్లో కూర్చుంటే నాకు పిచ్చెక్కేలా ఉంది."

పెళ్లయ్యాక ఇలా మాట్లాడడం ఇదే మొదలు. దారం కోసిన వేళ్లు కొంగులో దాచుకోలేదు. ఆయన నా చేతుల వంకే చూశారు. తర్వాత కొట్టుకి కాదు, పక్క ఊరు హల్దియాపదర్ వెళ్లారు — అక్కడ జాతకాలు చూసే పంతులు ఉన్నాడు. ఈయన జాతకాలంటే నవ్వే మనిషి. పంతులు ఏం చెప్పాడో నాతో అనలేదు. నేను అడగలేదు. మంచి మాటయితే చెప్పేవారు కదా... కాదు, ఇలా ఆలోచించకూడదు.

శ్రావణ శుద్ధ తదియ

కొట్లో పత్రిక చదివి వినిపించేవారు ఆయన, నలుగురు చేరేవారు. మానేశారట. యుద్ధం అక్కడేనట, బస్రా, బస్రా అంటున్నారు అందరూ. అదెక్కడో నాకు తెలీదు. ఇసకట, నీళ్లుండవట.

శ్రావణ శుద్ధ నవమి

సిమ్మాద్రి నవ్వుతూ వచ్చింది ఇవాళ, చాలా రోజులకి.

సాయంకాలం పూట ఆయన కొట్టు గుమాస్తాకి వదిలి స్టేషనుకు పోతున్నారట. మద్రాసు నుంచి వచ్చే బండి చూడ్డానికి. నాకు చెప్పలేదు. ఇవాళ అక్కడ ప్లాట్‌ఫారం మీద బల్ల చివర ఇంకో మనిషి కూర్చుని ఉన్నాడట — భీమయ్య. అతనూ రోజూ పోతున్నాడు, పెళ్లానికి చెప్పకుండా!

బండి వచ్చింది, పోయింది. సిపాయిలెవరూ దిగలేదు. ఇద్దరూ బల్లకి చెరో చివరా. చివరికి ఆయనే అన్నారట —

"వాన వచ్చేలా ఉంది, భీమయ్యా."

"అవును సావుకారూ."

ఒకే గొడుగులో ఇంటికొచ్చారు. "మీ సావుకారు బుజం ఒకటి తడిసింది సూసుకోండమ్మా" అంది సిమ్మాద్రి. చూశాను. తడిసింది.

శ్రావణ బహుళ చవితి

కొట్లోకి భీమయ్య చీర చేరింది. నేనూ నేసిన చీర. ఆయన విప్పి, అంచు వేలితో తడిమి, ఒకచోట ఆగారు. అక్కడ నేను దారం తెంపాను. గల్లా వెనక బీరువాలో పెట్టారు. అమ్మకానికి పెట్టలేదు.

శ్రావణ బహుళ ఏకాదశి

కార్డు లేదు. కార్డు లేదు.

భాద్రపద శుద్ధ తదియ

రేపు చవితి. పత్రి కోసం వెళ్లబోతుంటే పోస్టువాడు.

అప్పన్న కాలు విరిగింది. గొయ్యి దాటే కవాతులో పడ్డాడట. తొడ ఎముక. ఆసుపత్రిలో పడుకోబెట్టారట. "ప్రాణానికి భయం లేదంటున్నారు" అని రాశాడు నారాయణ. "అంటున్నారు" అన్న మాట దగ్గర నా కన్ను ఆగిపోయింది.

స్నానం చేసిన తడిచీరతోనే వెళ్లి చెప్పాను. దాస్తే నా మొహం చెప్పేస్తుంది. సిమ్మాద్రి అరవలేదు. "కాలా?" అంది. "మగ్గం తొక్కే కాలా?" మాట పూర్తికాకుండానే గోడకి జారిపోయింది. నీళ్లు చల్లాను. నా ఒళ్లో తల పెట్టుకుని చాలాసేపు ఉంది. ఆవిడ నన్ను "ఒదినా" అంది మొదటిసారి. తెలిసి అన్నదో తెలియక అన్నదో.

భాద్రపద శుద్ధ పంచమి

ఆయనే అన్నారు — "భీమయ్యా, బెంగుళూరు బయల్దేరు. నేను వస్తాను."

"నేను రైలెక్కినోణ్ణి కాను బాబూ."

"నేను ఎక్కినవాణ్ణే. నా పక్కన కూర్చో."

పులిహోర కట్టాను, అటుకులు, బెల్లం. బయటి వంట ముట్టరు కదా. మూట ఇద్దరికీ సరిపోయేలా కట్టాను. ఒకే మూట. ఆయన చూశారు, అందుకున్నారు.

భాద్రపద శుద్ధ దశమి

మగవాళ్లు లేని రెండిళ్లు. సిమ్మాద్రి మా ఇంట్లోనే. మధ్యాహ్నం నిద్ర పట్టదు ఆవిడకి, నాకూ పట్టదు. మాట్లాడుకుంటాం. అప్పన్న చిన్నప్పుడు పోలేరమ్మ గుడిలో తప్పిపోయిన సంగతి. నారాయణ చీమల మందు మింగబోయిన సంగతి. చిన్నప్పటి గండాలన్నీ తవ్వి తీస్తున్నాం. అవన్నీ దాటినవాళ్లు ఇదీ దాటుతారని మమ్మల్ని మేం నమ్మించుకోవడానికి కాబోలు.

మధ్యలో ఇద్దరం ఒకేసారి ఆగిపోతాం. వీధిలో అడుగుల చప్పుడు.

భాద్రపద బహుళ విదియ

వచ్చారు.

ఆయన మొహం కడుక్కోకుండానే అరుగు మీద కూర్చుండిపోయారు. ముందు సిమ్మాద్రికి చెప్పారు — అప్పన్న బతికున్నాడు, మాట్లాడాడు, అంబలి తాగుతున్నాడు. కాలు కుదురుతుంది గానీ కురచవుతుంది. పల్టనుకి పనికిరాడు. ఇంటికి పంపేస్తారు.

భీమయ్య గుమ్మం పట్టుకుని ఏడుస్తున్నాడు.

వాళ్లు వెళ్లాక నాకు చెప్పారు. రోజల్లా గేటు బయట నిలబెట్టారట. సాయంత్రానికి లోపలికి రానిచ్చారు. కుర్రవాళ్లు వరసగా నడిచి వస్తున్నారు. "మనవాడు నా ముందు నుంచే నడిచి వెళ్లాడే. నేను గుర్తుపట్టలేదు."

గుండు. నలుపు. బుగ్గలు పీక్కుపోయి. వాడే వెనక్కి తిరిగి "నాన్నా" అన్నాడట.

"రమ్మని అడగలేదా?"

"అడిగాను."

"ఏమన్నాడు?"

"సంతకం పెట్టాను కదా నాన్నా అన్నాడు. నవ్వాడు." ఆయన కండువాతో మొహం తుడుచుకున్నారు. "ఆ నవ్వు మనింట్లో నవ్వు కాదు."

భాద్రపద బహుళ తదియ

సిమ్మాద్రి కొడుకు తిరిగొస్తాడు. నా కొడుకు రాడు.

రాశాను. ఇంకెక్కడా అనలేను.

ఆశ్వయుజ శుద్ధ షష్ఠి

అప్పన్న దిగాడు. వీధివీధంతా స్టేషనుకి వెళ్లింది. ఆయన కూడా. ఎద్దుబండి కట్టించుకుని వెళ్లి ఆ పిల్లాణ్ణి తన చేతులతో ఎత్తి కూర్చోబెట్టారట. నేను తలనొప్పని పడుకున్నాను. తలనొప్పి లేదు. కిటికీలోంచి కేకలు వినిపించాయి, సిమ్మాద్రి గొంతు అన్నిటికంటే పైన. దిండు చెవికి అదుముకున్నాను.

ఆశ్వయుజ శుద్ధ అష్టమి

ఆవిడే వచ్చింది. పెరట్లో నిలబడింది, లోపలికి రాలేదు.

"ఒదినా, నన్ను తిట్టు. మావోడు ఒచ్చినాడని నాకు సంతోసంగా ఉంది. నిన్ను సూస్తే సచ్చిపోవాలనిపిస్తంది. రెండూ ఉన్నాయి. ఏటి సెయ్యమంటావు?"

నేను బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను. చేట ఆవిడ వైపు కాస్త జరిపాను. ఆవిడ కూర్చుంది. చూపు ఆనదు గదా — రాళ్లన్నీ నేనే ఏరాను, ఆవిడ బియ్యం అటూ ఇటూ తోసింది. లేచేటప్పుడు నా మోకాలు పట్టుకుని లేచింది.

ఆశ్వయుజ శుద్ధ ద్వాదశి

అప్పన్న కాలికి బద్దలు కట్టి ఉన్నాయి. మగ్గం గుంటలో దిగలేడు. అటువైపు పీట మీద మళ్లీ నేనే. వాడు మంచం మీద నుంచి చెబుతుంటాడు — "అమ్మా, అంచు నాడె ముందు. ఆఁ, ఇప్పుడు."

నారాయణ గురించి అడుగుతాను. కొంచెం చెబుతాడు. "బాగా పరిగెడతన్నాడమ్మా. నాకంటే బాగా." తర్వాత, నవ్వుతూ — "తుపాకీ పేల్చేటప్పుడు మాత్రం కళ్లు మూసేస్తాడు. హవల్దారు తిట్టనిరోజు లేదు."

భీమయ్య నవ్వాడు. సిమ్మాద్రి నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

తుపాకీ పేల్చేటప్పుడు కళ్లు మూసుకునేవాడు... అవతలివాడు మూసుకుంటాడా?

ఆశ్వయుజ బహుళ నవమి

నారాయణ కార్డు. ఎప్పుడూ ఉండే మాటలు. కవాతు అయిపోవస్తోందట. ఆ తర్వాతి వరస మీద ఎవరో నల్లసిరా పూసేశారు. ఆయన దీపం ముందు, ఎండలో, అటు తిప్పి ఇటు తిప్పి చూశారు. ఏమీ ఆనలేదు.

కార్తీక శుద్ధ విదియ

స్టేషనులో మా బట్టల మూటలు దించే గూడ్సు గుమాస్తా ఆయన చెవిలో వేశాడు. మద్రాసు వైపు నుంచి సిపాయిల స్పెషలు బండి వస్తోందట, కలకత్తా పోతుందట. రేపో ఎల్లుండో. బెంగుళూరు వాళ్లేనా? తెలీదు. ఇక్కడ ఆగుతుందా? తెలీదు.

జంతికలు చేశాను. చేతికందిస్తే చాలు. చేతికందకపోతే కిటికీలోకి విసరొచ్చు అంటుంది సిమ్మాద్రి.

కార్తీక శుద్ధ తదియ

పొద్దున్నుంచీ స్టేషనులోనే. ఆయన, నేను, భీమయ్య, సిమ్మాద్రి. కర్ర ఊతంతో అప్పన్న కూడా — వద్దంటే వినలేదు. "నాకు ఆల్ల మొహాలు తెలుసు. మీకు గుండుతలలన్నీ ఒకలాగే కనిపిస్తాయి" అన్నాడు.

ఉప్పునీటి మరకల పంచెతో ముసలాయన ఒకడు గోడ పక్కన గొంతుకూర్చున్నాడు. సముద్రం ఒడ్డు పొడంపేట నుంచి నడిచి వచ్చాడట. ఎర్రయ్య. సముద్రంలో వేట. కొడుకు గురువులు కూడా మావాడితో పాటే వెళ్లాడట, అదే డప్పు వెనక.

"గాలి మారింది బాబూ" అన్నాడు ఆయనతో. "తుపాను ఒచ్చీలాగుంది. పడవ పైకి లాగీసి ఒచ్చినాను. ఇది దాటిపోతే మల్లీ ఎక్కడ సూస్తాను."

ఆయన పక్కన చోటిచ్చారు. ఎర్రయ్య బల్ల మీద కూర్చోవడానికి సంకోచించాడు. భీమయ్య రెక్క పట్టుకుని కూర్చోబెట్టాడు. మధ్యాహ్నం మా మూటలోదే అందరం తిన్నాం. పట్టాల వైపే చూపు.

ఆకాశం మసకేసింది. బండి వచ్చింది.

ఆగలేదు. కొంచెం మెల్లబడింది, అంతే. కిటికీలన్నిట్లో ఖాకీ. అన్నిట్లో గుండుతలలు, టోపీలు. అప్పన్న చెప్పింది నిజం — అన్నీ ఒకటే మొహం. "నారాయణా!" అని అరిచాను. నా గొంతు నాకే వినపడలేదు. ఎన్నో చేతులు ఊగాయి. ఏ చెయ్యి మావాడిది?

ఆయన పరుగెత్తుతున్నారు. కండువా జారిపోయింది. ఈ వయసులో, బండితో పాటు...

"అదిగో!" అప్పన్న కర్ర ఎత్తి చూపించాడు. "అదిగో మూడో పెట్టె! సెయ్యూపినాడు! సూసినారా? మనల్ని సూసినాడు!"

నేను తిరిగేసరికి ఆ పెట్టె దాటిపోయింది. ఆయన ప్లాట్‌ఫారం చివర నిలబడి ఆయాసపడుతూ "చూశాడా? మనల్ని చూశాడా?" అంటున్నారు. "సూసినాడు బాబూ" అన్నాడు అప్పన్న. ఆయన అక్కడే నిలబడి నవ్వారు, ఏడ్చారు.

"మరి మా గురువులు?" అడిగాడు ఎర్రయ్య. అప్పన్న తల దించుకున్నాడు. "ఆడు కనబడలేదు తాతా."

వాన మొదలైంది. ఈ గాలిలో పొడంపేట వెళ్లలేడని ఎర్రయ్యని భీమయ్య తనింటికి తీసుకెళ్లాడు. జంతికల మూట ఇంకా నా చేతిలోనే ఉంది, ఇంటికొచ్చి చూసుకుంటే.

కార్తీక శుద్ధ పంచమి

గాలివాన తగ్గింది. పెంకులు కొన్ని లేచిపోయాయి. ఎర్రయ్య తెల్లారగానే బయల్దేరాడు, పడవ ఏమైందో అని. ఆయన మా వీధి చివరిదాకా సాగనంపారు.

కొట్లో వచ్చినవాళ్లందరికీ చెబుతున్నారట — మూడో పెట్టెలో మావాడు, చెయ్యి ఊపాడు, బాగున్నాడు. తండ్రిని చూసి నవ్వాడు అని కూడా.

కార్తీక శుద్ధ సప్తమి

మగ్గం దగ్గర. భీమయ్య కండెల కోసం బయటికి వెళ్లాడు. అడిగాను.

"అప్పన్నా, నిజంగా చూశావా వాణ్ణి?"

"సూసినానమ్మా."

"ఎలా ఉన్నాడు?"

"బాగున్నాడు. ఆకరి పెట్టెలో, తలుపు దగ్గిర నిలబడ్డాడు. గట్టిగా సెయ్యూపినాడు."

ఆఖరి పెట్టె.

సిమ్మాద్రి కండె చుట్టడం ఆపింది. ఆవిడా వింది. నా వైపు తిరిగింది — చూపు ఆనదు, అయినా తిరిగింది. అప్పన్నకి ఏమీ తెలియలేదు, దారం వైపే చూస్తున్నాడు.

ఆయనకి చెప్పలేదు. సాయంత్రం గుమాస్తాతో మళ్లీ అదే చెబుతుంటే లోపలి నుంచి విన్నాను. రేపు ఆయన అప్పన్నని చూడ్డానికి వస్తానన్నారు, ఆ రోజు సంగతి మొదటి నుంచి చెప్పించుకోవాలట.

ముందే వెళ్లి ఆ పిల్లాడికి "మూడో పెట్టె" అని గుర్తు చేయాలా? నేను గుర్తు చేస్తే, వాడు చూడలేదని నేను కనిపెట్టినట్టు వాడికి తెలిసిపోతుంది. చేయకపోతే ఆయనకి అబద్ధం తెలిసిపోతుంది.

కార్డు రాలేదు. సిమ్మాద్రి గుమ్మంలోకి వచ్చింది. అడుగుతోంది, "ఏటి సేద్దాం ఒదినా?"